గుమ్మానికి వేపమండ కట్టినందుకు

ఇలా రండమ్మా, ఇంకాస్త దగ్గరకి జరిగి కూర్చోండి. ఇప్పుడు మనిషిని ఆనుకుని మనిషి కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. అనే రోజులుండేవి. ఆ రోజుల సంగతే చెప్తాను. నాకు చదువు తక్కువ, అయిదో తరగతితో సరి. కానీ ఒకసారి చూసింది, విన్నది నా బుర్రలోంచి పోదు. కొన్ని పోతే బాగుండునని ఉంటుంది.

జ్వరం వచ్చింది, తగ్గింది. అదేమీ పెద్ద కథ కాదు, లోకమంతటికీ వచ్చింది, కొందరికి తగ్గనే లేదు. నాకు పోయింది వేరే. మా అమ్మాయికి నేను అమ్మని, దాని కూతురికి అమ్మమ్మని. ఆ రెండు పిలుపులూ మా గుమ్మం దాటి బయటికి రాకుండా పోయాయి. ఎలా పోయాయో వింటే, రేపు మీ ఊళ్ళో ఏ కొత్త జబ్బో వచ్చినప్పుడు మీకు పనికొస్తుంది.

నా పేరు నూకరత్నం. మాది అనకాపల్లి దగ్గర. మా ఆయన పోయాక, మా అమ్మాయి సుజాత పురిటికని సింగపూరు వచ్చాను. పిల్లకి తన్వి అని పేరు పెట్టారు. దానికి నేనూ, నాకు అదీ అలవాటైపోయి ఇక్కడే ఉండిపోయాను. సుజాత బ్యాంకులో పని చేస్తుంది, అల్లుడు శ్రీధర్‌ది కంప్యూటర్ల ఉద్యోగం. మొదట యూ టీ అనే పేటలో అద్దెకుండేవాళ్ళం. లోకంలో జబ్బు మొదలయ్యాక సెంగ్‌కాంగ్‌లో సొంత ఫ్లాటుకి మారాం. బారుగా వరండా, వరసగా తలుపులు. అందరి ముఖాలూ గుడ్డల వెనకే ఉండేవి కాబట్టి ఏ ఇంట్లో ఎవరెవరున్నారో ఎవరికీ తెలీదు. పక్కింట్లో లిమ్ ఆంటీ అని ఒక చైనా ముసలావిడ. వరండాలో ఆవిడ మొక్కల కుండీలుండేవి. మా గుమ్మం కడిగినప్పుడు మిగిలిన నీళ్ళు వాటికి పోసేదాన్ని. ఆవిడ కళ్ళతో నవ్వేది. మా స్నేహం అంతే.

జబ్బు మొదలైన రెండో ఏడాది ఉగాది బాగానే జరుపుకున్నాం. వేపపువ్వు కోసమని అల్లుడు లిటిల్ ఇండియాకి వెళ్ళి మండలకి మండలే తెచ్చేశాడు. పచ్చడికి కావలసినంత దూసుకుని, మిగిలింది కాయితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను.

పండగ వెళ్ళగానే మన దేశంలో జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. మా తమ్ముడు ఆ రోజుల్లోనే పోయాడు. వెళ్ళడానికి దారిలేదు. వాడి చివరి చూపు ఫోన్లోనే చూసి, తలస్నానం చేసి, పొయ్యి వెలిగించుకున్నాను. ఇక్కడేమో ఆ కొత్త రకం జబ్బుని జనం మన దేశం పేరుతో పిలవడం మొదలెట్టారు. అలా పిలిచినప్పటి నుంచీ చూపులు మారాయి. రైల్లో నేను కూర్చుంటే పక్కనున్నాయన లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. ముక్కు మీద గుడ్డ ఉన్నా దాని మీద చెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నాడు.

అల్లుడు అన్నం తింటూ ఫోన్లో అవే చదివేవాడు. వీళ్ళే మోసుకొచ్చారు, వీళ్ళని విమానాల్లో ఎక్కించి పంపెయ్యాలి, ఇలాంటివే అన్నీ. చదవకండి బాబూ, అన్నం సహించదు అన్నాను. "చదవకపోతే మనల్ని ఏమంటున్నారో ఎలా తెలుస్తుంది అత్తయ్యగారూ" అన్నాడు. తెలిసి ఏం చేస్తారని నేను అడగలేదు.

వైశాఖంలో నాకు జ్వరం తగిలింది. ఎక్కడ అంటుకుందో ఈరోజుకీ తెలీదు. ఇల్లు, బజారు, తన్వి బడి బస్సు, ఇంతే నేను తిరిగింది. ఒళ్ళు రోకలితో దంచినట్టుంది. చారు వాసన తెలియలేదు, ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలియలేదు. అప్పుడు మటుకు భయం వేసింది. సుజాత నన్ను డాక్టరు దగ్గరకి తీసుకెళ్తే ముక్కులో పుల్ల పెట్టి చూసి, ఫలితం వచ్చేదాకా ఇల్లు కదలొద్దన్నారు.

ఇంటికొచ్చాక కూతురూ అల్లుడూ చెరో గదిలో ఆఫీసు ఫోన్లలో పడ్డారు. అప్పుడు చేశాను నేను ఆ పని.

మా వైపు ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కడతాం. గుమ్మం ముందు పసుపునీళ్ళు చల్లుతాం. చదువుకున్నవాళ్ళు దాన్ని మూఢనమ్మకం అంటారు, అననివ్వండి. మా ఊళ్ళో దానికి ఒకటే అర్థం. ఈ ఇంట్లో రోగం ఉంది, లోపలికి రాకండి, మీ పిల్లల్ని పంపకండి, అని. ఆ మండ చూసినవాళ్ళు అటు తిరిగి వెళ్ళిపోతారు. ఇరుగుపొరుగులు మజ్జిగ చెంబు అరుగు మీద పెట్టి, కేకేసి వెళ్ళిపోతారు. రోగం ఎవరు తెచ్చారని అడిగినవాణ్ణి నేను పుట్టాక చూడలేదు. అమ్మవారు వచ్చింది, చల్లబడి వెళ్ళిపోతుంది, అంతే మాట.

ఇక్కడ నాకు భాష రాదు. వరండాలో లిమ్ ఆంటీ పొద్దస్తమానం తిరుగుతుంది. ఆవిడకి ఎలా చెప్పడం? ఫ్రిజ్‌లోంచి ఉగాది మండలు తీసి, వాడిన ఆకైనా సరే, తలుపుకి రెండు వైపులా కట్టాను. గిన్నెలో పసుపు కలిపి గుమ్మం ముందూ, ఆవిడ గుమ్మం ముందూ కూడా చల్లాను. ఆవిడకి అంటకూడదని. చల్లుతుంటే నూకాలమ్మ తల్లికి దండం పెట్టుకున్నాను, నాతోనే ఆపు తల్లీ అని.

ఎదుటి బ్లాకులోంచి ఎవరో అదంతా ఫోన్లో పట్టారు. నేను చూడలేదు.

ఆ సాయంత్రమే అంబులెన్సు వచ్చింది. తల నుంచి కాలి దాకా తెల్లగా కప్పుకున్న మనుషులు నన్ను లిఫ్టు దాకా నడిపించారు. తన్వి తలుపు సందులోంచి "అమ్మమ్మా" అని అరుస్తూనే ఉంది. వరండా అంతా వినిపించేలా అరిచింది. అప్పుడు నాకు తెలియదుగాని, బయట ఆ పిలుపు వినడం అదే ఆఖరు.

ఆస్పత్రిలో నాతోపాటు గదిలో ఇంకొకావిడ ఉండేది, చైనా ఆవిడే, నా ఈడుదే. ఇద్దరికీ అదే జబ్బు, ఒకటే కిటికీ. ఆవిడకి వాళ్ళబ్బాయి ఫోన్లో రోజూ పాటలు పెట్టేవాడు. నాకు నచ్చింది చూసి గొంతు పెంచేది. మంచిదే మనిషి. నర్సు సెల్వి అని, మలేషియా నుంచి వచ్చిన అరవ పిల్ల. నేను తెలుగులో, ఆ పిల్ల అరవంలో, ఎలాగో నడిచిపోయేది. చేతులాడక నా జుట్టు చిక్కులు పడిపోతే, ఆ చేతి తొడుగులతోనే చిక్కు తీసి జడ అల్లింది. తను నర్సు బట్టల్లో బస్సెక్కితే పక్క సీటు ఖాళీగా ఉండిపోతుందని, ఈ నెల్లో మరీను, రంగు చూసి కూడా దిగిపోతున్నారని చెప్పింది. చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఊపిరి అందక మూతికి గొట్టం పెట్టిన రోజులు కొన్ని గడిచాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. పైకప్పు చూస్తూ పడుకున్నాను. తన్వి బడికి జడ ఎవరేస్తున్నారో అనుకునేదాన్ని. అంతకుమించి ఆలోచన సాగేది కాదు.

కాస్త తేరుకుని లేచి కూర్చున్నాక, పక్క మంచం ఆవిడ తన ఫోను నా వైపు తిప్పింది. చూడు చూడు అన్నట్టు చెయ్యి ఊపింది. చూశాను.

మా తలుపు. మా ఇత్తడి గంట. తన్వి సుద్దతో గీసిన ముగ్గు. తలుపుకి నా వేపమండలు. నైటీ మీద తువ్వాలు వేసుకుని ఒక ముసలిది వంగి వరండాలో పచ్చటి నీళ్ళు చల్లుతోంది. ముఖానికి గుడ్డ ఉంది. ఒంగున్న నడుం చూసి నన్ను నేనే గుర్తుపట్టాను.

ఆవిడ తల ఊపుతూ, "దీస్ పీపుల్ అహ్" అంది. తర్వాత నా ముఖం చూసింది. ఏమనిపించిందో, చెయ్యి చాపి నా దుప్పటి మీద తట్టింది. "నాట్ యూ లా, ఆంటీ. యూ గుడ్ వన్."

నేను కూడా తల ఊపాను. ఏం చెయ్యను?

సెల్వి వస్తే, ఆ ఫోన్లో కింద ఏం రాశారో చెప్పమన్నాను. చెప్పనంది. బతిమాలితే నాలుగు ముక్కలు చెప్పింది. ఆ నీళ్ళు ఆవు పంచితమట. ముసలిది జబ్బు కావాలని పూస్తోందట పక్కవాళ్ళ గుమ్మానికి. నిన్నో మొన్నో విమానం దిగిందట. తమ్ముడి శవం చూడ్డానికి కూడా విమానమెక్కని దాన్ని నేను. ఇక్కడే తరాలుగా ఉన్న మనవాళ్ళు కొందరు కూడా రాశారట, వీళ్ళు కొత్తగా ఊడిపడ్డవాళ్ళు, మమ్మల్ని వీళ్ళతో కలపకండి అని. సెల్వి ఇంకా కిందకి చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. నన్ను చూసింది. మళ్ళీ ఫోను చూసింది. అలిసిపోయావు పడుకో అమ్మా అని ఫోను ఆవిడకి ఇచ్చేసింది. అక్కడ ఏముందో నేను అడగలేదు. ఆ రోజు నుంచీ ఆ పిల్ల నాతో మరీ మెత్తగా మాట్లాడేది. మెత్తగా మాట్లాడితే నాకు భయం వేసేది.

సుజాత ఫోను చేస్తే బాగున్నాం అనేది. ముఖం చూపించమంటే కెమెరా బాలేదనేది.

జూన్ సెలవుల్లో నన్ను పంపించారు. ఇంట్లో ఎవరికీ సోకలేదు, తల్లి నా మాట వింది. శ్రీధర్ కింద కారు ఆపుకుంటూ ఉండిపోయాడు. తన్వి ఒక్కతే లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చేది కదా, వచ్చింది గానీ, సగంలో ఆగింది. లిఫ్టులో లిమ్ ఆంటీ ఉంది, చేతిలో కూరల సంచి.

"హలో ఆంటీ" అంది తన్వి.

లిమ్ ఆంటీతో అనుకున్నాను. కాదు. నాతో.

ఏటే, అమ్మమ్మని మర్చిపోయావా అనబోయాను. పిల్ల నా చేతి వేలు పట్టుకుని గట్టిగా నొక్కింది. కళ్ళలో నీళ్ళున్నాయి. నోరు మూసుకున్నాను. లిఫ్టు మెల్లిగా పైకి పోతోంది. లిమ్ ఆంటీ నన్ను ఎగాదిగా చూసి, ఒక్కొక్క మాటా విడదీసి, చెవిటిదానికి చెప్పినట్టు అడిగింది. "యువర్ మేడమ్ గుడ్? నెవర్ స్కోల్డ్ యూ?"

మీ యజమానురాలు మంచిదేనా, తిట్టలేదు కదా, అని. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. రాకపోయినా బాగుండేది.

తలుపు వేశాక తన్వి నన్ను కావలించుకుని నడుం వదల్లేదు. "బయట మాత్రమే లా, అమ్మమ్మా. లోపల కెన్" అంది. కెన్ అంటే ఇక్కడివాళ్ళ మాటలో ఫరవాలేదని, లోపల అమ్మమ్మా అనొచ్చని. మమ్మీ కొన్నాళ్ళే అందట.

చెప్పులు విప్పి అలాగే నిలబడి సుజాతని చూశాను. అది చిక్కిపోయింది. నన్ను చూసి ఏడుపు మొదలెట్టింది, ఏడుస్తూనే కోపంగా మాట్లాడింది.

"అమ్మా, నువ్వు లోపలున్నావు, ఇక్కడేమైందో నీకు తెలీదు. ఆ వీడియో కింద మన డోర్ నంబర్ పెట్టారు. నా బ్యాంకు పేరు పెట్టి, ఇలాంటిదాన్ని ఉద్యోగంలో ఎలా ఉంచారని మెయిల్స్ పెట్టారు. తన్వి యూనిఫాం ఫోటో పెట్టి, ఏ స్కూలో కనుక్కోండి అని రాశారు."

"అయితే?"

"పనిమనిషి తెలీక చేసిందని రాశాను. మందలించామని రాశాను. అంతే, ఆగిపోయింది."

నేను వంగి చెప్పులు ఓ పక్కకి సర్దాను. అది చూసి దానికి ఇంకా కోపం వచ్చింది.

"నిన్నంటే నువ్వు పడతావమ్మా. పాపనంటే నేను పడలేను."

దాని వైపు తిరిగాను. "నన్ను అడగాల్సింది అమ్మడూ. అడిగితే నేనే రాయమందును."

దానికి జవాబు చెప్పబోయింది. లోపల ఆఫీసు ఫోను మోగింది. ముఖం తుడుచుకుని వెళ్ళి, ఏమీ జరగనట్టు గొంతు మార్చి మాట్లాడింది. శ్రీధర్ పైకొచ్చి నా సంచి లోపల పెట్టి, నా వైపు చూడకుండా "కాఫీ పెట్టమంటారా అత్తయ్యగారూ" అన్నాడు. పెట్టాడు. చక్కెర రెండింతలు వేశాడు. నాకు రుచి ఇంకా తెలిసేది కాదు, ఆ సంగతి చెప్పలేదు.

ఆ రాసింది నాకు చదివి వినిపించింది తన్వే. ఇంగ్లీషు గడగడా చదువుతుందని దానికి గొప్ప, నేను అడిగితే కాదనదు. మా అమ్మాయి రాసిన దాని కింద జనం మెత్తబడిపోయారు. పాపం యజమానురాలు, ఏం చేస్తుంది అన్నారు. ఈ రకం మనుషులకి శుభ్రం నేర్పలేం అన్నారు. ఒకావిడ, దీన్ని వెనక్కి పంపించెయ్యి, నేను వేరే దేశం పిల్లని పెట్టుకున్నాను, నెమ్మదస్తురాలు అని సలహా రాసింది. దాని కింద మా సుజాత రాసింది, "థాంక్యూ ఫర్ అండర్‌స్టాండింగ్" అని.

తన్వి దాన్ని కూడా తెలుగు చేసి చెప్పింది. అర్థం చేసుకున్నందుకు కృతజ్ఞతలు, అని. కరెక్టేనా అమ్మమ్మా అని అడిగింది. కరెక్టే అన్నాను.

వర్షాలు మొదలయ్యాక లిమ్ ఆంటీ ఒకరోజు నేను వరండా ఊడుస్తుంటే వచ్చి, బిస్కట్ల డబ్బా నా చేతిలో పెట్టింది. ఇది నీకు, మేడమ్‌కి కాదు అని సైగ చేసింది. తన చేతుల్ని చూపించి, తనూ చిన్నప్పుడు ఇళ్ళల్లో పని చేసిందని చెప్పింది. భుజం మీద చెయ్యి వేసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇంటివాళ్ళు కాని మనిషి నన్ను ముట్టుకోవడం అదే. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నేను అమ్మని, దీని అమ్మమ్మని అని ఒక్క ముక్క చెప్తే ఆ చెయ్యి తీసేస్తుంది, మా అమ్మాయి అబద్ధాలకోరవుతుంది. "మేడమ్ గుడ్" అన్నాను. డబ్బా తీసుకున్నాను.

దీపావళికి మన తెలుగువాళ్ళు కొందరు ఇంటికొచ్చారు. వాళ్ళ ముందు నేను అత్తగారినే, అమ్మనే, పట్టుచీరలో ఉన్నాను. అందులో ఒకావిడ గారెలు తింటూ, అప్పుడు మీ సైడ్ ఏదో ఫ్లాట్‌లో ఒక పనిమనిషి చేసిన గొడవ చూశారా, మన పరువు తీసింది అంది. సుజాత వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంకో గారె వేసుకోండమ్మా అన్నాను నేను.

తర్వాత గుడ్డలు ముఖాల మీంచి పోయాయి. విమానాలు తిరిగాయి. జబ్బుకి జనం పెట్టిన పేరు పోయి ఇంకేదో పేరొచ్చింది. లిమ్ ఆంటీ కొడుకు దగ్గరకి బిషాన్ వెళ్ళిపోయింది, మొక్కల్లో ఒకటి నాకిచ్చి వెళ్ళింది. అప్పుడు తిట్టినవాళ్ళలో ఎవరికీ ఇది గుర్తుండదు. ఇంక దాచడానికి ఎవరూ లేరు. సుజాత ఒకసారి, అమ్మా ఇంక మామూలుగా ఉందాం అంది. ఉందాం అన్నాను. కానీ మామూలు ఎక్కడ పెట్టామో కనబడలేదు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే తన్వి బ్యాగు నేనే అందుకుంటున్నాను, ఎవరూ అడక్కుండానే. రెండడుగులు వెనక నిలబడుతున్నాను.

మొన్న తన్వి బడి స్నేహితురాలిని ఇంటికి తీసుకొచ్చింది. తన్వి ఇప్పుడు నాకంటే పొడుగు ఎదిగింది. లిఫ్టులో ఆ స్నేహితురాలు నా చేతిలో రెండు బ్యాగులూ చూసి, మెల్లగా అడిగింది. "యువర్ హెల్పర్ ఆ?"

తన్వి అంతస్తుల అంకెలు మారడం చూస్తూ ఉంది. "యా" అంది.

ఈసారి ఎవరూ నేర్పలేదు దానికి.

సరే, బయట కదా అనుకున్నాను. లోపల కెన్ అని నాకు మాట ఇచ్చింది కదా. తలుపు తీశాను, ఇద్దరూ లోపలికొచ్చారు, చెప్పులు విప్పారు, సోఫాలో కూర్చున్నారు. వంటింట్లో దోసెల పెనం పెట్టాను. ఆకలేసినప్పుడు అది ఎలా పిలుస్తుందో నాకు తెలుసు, దీర్ఘం తీసి పిలుస్తుంది. గరిటె పట్టుకుని ఆ పిలుపు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను.

"ఆంటీ, టూ దోసాస్ ప్లీజ్" అంది.

బయటి పిలుపు గుమ్మం దాటి లోపలికొచ్చేసింది. దోసెలు వేశాను. ఎర్రగా కాలాయి. ఆ స్నేహితురాలు థాంక్యూ ఆంటీ అంది, మర్యాద తెలిసిన పిల్ల.

ఇంతేనమ్మా. మీకు జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు వినండి, నీళ్ళు బాగా తాగండి. వేపమండ కట్టుకోవాలనిపిస్తే తలుపుకి లోపలి వైపు కట్టుకోండి. మీ ఇంటి ముసలివాళ్ళ గురించి ఫోన్లో ఒక ముక్క రాసేముందు వాళ్ళని ఒక్క మాట అడగండి. వాళ్ళు కాదనరు.

మీ గుమ్మాలు పచ్చగా ఉండాలి. మీ ఇళ్ళకి ఏ జబ్బూ రాకూడదు, వస్తే ఏ పేరూ పెట్టించుకోకుండా పోవాలి. మీ పిల్లలు మిమ్మల్ని లోపలా బయటా, లిఫ్టులో పదిమంది ఉన్నా, గొంతెత్తి వరసపెట్టి పిలవాలి. నూకాలమ్మ తల్లి ఆ ఒక్కటీ మీకు తక్కువ చెయ్యకూడదు.